పామీర్ ఎక్కే ముందా, దిగాకా? చారిటీ ర్యాలీలో మూడు రాత్రుల విశ్రాంతి ఎక్కడ పెట్టుకోవాలి

హౌన్‌స్లో_గోపి:
జులై మొదటి వారంలో లండన్ నుంచి మంగోల్ ర్యాలీ (చిన్న కార్లలో చారిటీ కోసం సాగే దూర ప్రయాణం) దారిన బయల్దేరుతున్నాం. ముగ్గురం, స్టీరింగ్ పట్టేది ఇద్దరమే. బండి 998 సీసీ నిస్సాన్ మైక్రా, పాత కే11 మోడల్. ఉజ్బెకిస్తాన్ దాకా దారి తేలిపోయింది. అక్కణ్ణుంచి తజికిస్తాన్‌లో దుషాంబే, ఖోరోగ్, ముర్గాబ్ మీదుగా పామీర్ కొండల హైవే (ఎం41), కిర్గిజ్‌స్తాన్‌లో ఓష్ దగ్గర దిగి, ఇస్సిక్-కుల్ సరస్సు పక్కగా కజకిస్తాన్‌లోకి.

మధ్యలో ఒకేచోట మూడు రాత్రులు కదలకుండా ఉందామని ఇద్దరి మాట. మూడోవాడు మాత్రం "వారానికో రాత్రి హోటల్లో పడుకుంటే చాలదా, మూడు రోజులు దండగ" అంటున్నాడు. బుఖారా, ఖోరోగ్, ఇస్సిక్-కుల్... వీటిలో ఏది మేలు? ఆగినప్పుడు బండికేం చూసుకోవాలి, మనకేం చూసుకోవాలి? ఒకరిది ఇండియన్ పాస్‌పోర్టు, మిగతా ఇద్దరిది బ్రిటిష్. ఒకరు శాకాహారి.

రెంచి_రాజు:
మీ మూడో ఆయనకి ఈ లెక్క చెప్పండి. ఒక్క రాత్రి బస అంటే రాత్రి ఎనిమిదింటికి సామాను దించడం, పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ ఎక్కించడం, అంతే. రెండు రాత్రులుంటే ఒక పూర్తి రోజు చేతికొస్తుంది, అది బట్టలకీ బండికీ పోతుంది. మూడో రాత్రి ఉంటేనే మనుషులకంటూ ఒక రోజు మిగిలేది. ఇది రేసు కాదు, ముందు చేరినవాళ్ళకి బహుమతి లేదు, వెనక సర్వీసు బండీ రాదు. తొందర ఎవరి కోసం?

బుఖారా వద్దు. జూన్ 25 నుంచి ఆగస్టు 5 దాకా నలభై రోజుల్ని అక్కడివాళ్ళు 'చిల్లా' అంటారు, మన రోహిణి కార్తె లాంటిది. మీరు సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడుంటారు, ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. లాబి హౌజ్ కోనేటి గట్టున ఒక సాయంత్రం టీ తాగి కదలండి. మీది మాటిజ్ కారు అయితే వేరే మాట చెప్పేవాణ్ణి. అసకా ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి మాటిజ్‌లూ డమాస్‌లూ తయారయ్యాయి కాబట్టి ఉజ్బెకిస్తాన్‌లో ఏ ఊళ్ళోనైనా వాటి సామాను దొరుకుతుంది. (డమాస్ మన మారుతీ ఓమ్నీకి పినతండ్రి కొడుకు వరస. రెండూ సుజుకీ క్యారీ వంశమే.) మైక్రాకి అక్కడ చుట్టాల్లేరు. రెండు ఆయిల్ ఫిల్టర్లు, రెండు ఎయిర్ ఫిల్టర్లు, నాలుగు ప్లగ్గులు, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ పై హోసూ కింది హోసూ, క్లచ్ కేబులూ లండన్‌లోనే కొని వెంట తీసుకెళ్ళండి.

నా ఓటు ఖోరోగ్‌కి. ఆయిల్ మార్పు, వెల్డింగ్ లాంటి, బండి కిందికి దిగి చేయడానికి గ్యారేజీ గుంత కావలసిన పనులు మాత్రం దారిలో దుషాంబేలోనే ఒక పూటలో ముగించండి. ఖోరోగ్ చేరాక బండి పని మొదటి రోజు పొద్దున్నే పెట్టుకోండి. చాలామంది చివరి రోజుకి వాయిదా వేసి దెబ్బతింటారు. కారుతున్న హోసు చివరి సాయంత్రం కనబడుతుంది, దానికి సామాను దుషాంబే నుంచి షేర్ జీపులో రావాలి, ఆ దారే దాదాపు 600 కిలోమీటర్లు.

బండిని పూర్తిగా ఖాళీ చేయండి. మూడు వారాలుగా ముట్టుకోని వస్తువేదైనా అక్కడే ఇచ్చేయండి. టాప్ క్యారియర్ మీద నీళ్ళ డబ్బాలుంటే కిందికి దించి వెనక సీటు కాళ్ళ దగ్గర పెట్టండి. ఆ బరువు పైనుంటే అలలు అలలుగా ఉండే కంకర రోడ్డు మీద క్యారియర్ బోల్టులు విరుగుతాయి. చక్రాలు ఒక్కొక్కటే విప్పి బ్రేక్ ప్యాడ్ మందం, షాక్ అబ్జార్బర్ మీద ఆయిల్ తడి, డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూటు చిరుగులు చూడండి. బూటు చిరిగితే దుమ్ము గ్రీజులో కలిసి వెయ్యి కిలోమీటర్లలోపే జాయింటు టకటకలాడుతుంది. వీల్ నట్లు ఎదురెదురుగా 100 న్యూటన్ మీటర్ల చుట్టూ బిగించి, బయల్దేరాక 50 కిలోమీటర్లకి మళ్ళీ చూడాలి. సంప్ గార్డ్ (ఇంజిన్ కింది రక్షణ పలక) బోల్టులు, సైలెన్సర్ రబ్బర్లు, బ్యాటరీ టెర్మినళ్ళు కూడా. ఎయిర్ ఫిల్టర్‌ని లోపలి వైపు నుంచి బయటికి ఊదాలి. తిరగేసి ఊదితే దుమ్ము కాగితంలోకి దిగబడిపోతుంది.

టైర్లలో గాలి గురించి ఒక మాట. ఖోరోగ్‌లో 30 పీఎస్ఐ పెట్టి, 4,655 మీటర్ల అక్-బైతాల్ కనుమ మీద అదే ఉష్ణోగ్రతలో కొలిస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. బయటి గాలి పలచబడటం వల్లే. అక్కడ తగ్గించి కిందికి దిగితే టైరు మెత్తబడి గుంతలో రిమ్ము వంగుతుంది. ఆ ఎత్తులో ఇంజిన్ బలం కూడా సుమారు నలభై శాతం పడిపోతుంది. ముగ్గురూ సామానుతో మొదటి గేరులో పాకితే కంగారు పడకండి, రోగం కాదది.

మందులమూట:
ఖోరోగ్ విషయంలో రాజు గారితో ఏకీభవిస్తాను, నా కారణం వేరు. ఖోరోగ్ దాదాపు 2,100 మీటర్లు, ముర్గాబ్ 3,600 పైనే. మధ్య దూరం 310 కిలోమీటర్లు, ఒక్క పగటి ప్రయాణం. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెంచకుండా ఆగాలి. మీరు దుషాంబే (800 మీటర్లు) నుంచి విరామం లేకుండా పోతే ముర్గాబ్ మొదటి రాత్రే తలనొప్పి, వాంతులు. ఖోరోగ్‌లో మూడు రాత్రులు ఆ దెబ్బని తగ్గిస్తాయి, పూర్తిగా ఆపలేవు. తీరిక ఉంటే ఇష్కాషిమ్, లంగార్ మీదుగా వాఖాన్ లోయ పట్టుకోండి. రోడ్డు అధ్వానమే గానీ లంగార్ సుమారు 2,800 మీటర్లు, మెట్టు మెట్టుగా ఎక్కినట్టవుతుంది.

ఎత్తు జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ మాత్ర 125 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి రాత్రి ఒకటి, ఎత్తు పెరిగే ముందు రోజు నుంచి. ముందు మీ డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి తప్పక చెప్పాలి. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, మామూలే. మనిషి మడమకి వేలు ఆనించి తిన్నగా పది అడుగులు వేయలేకపోతే మాత్రం మాత్రల మీద ఆధారపడొద్దు, అర్ధరాత్రయినా కిందికి దించేయాలి. అక్-బైతాల్ దాటాక కరాకుల్ సరస్సు ఊళ్ళో పడుకోవాలనిపిస్తుంది, చూపు తిప్పుకోనివ్వదు. అది కూడా 3,900 మీటర్లని గుర్తుంచుకోండి.

విశ్రాంతి రోజున పగలు మూడు గంటలు పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు. మధ్యాహ్నం అరగంట చాలు, రాత్రి తొమ్మిదికే దుప్పటి కప్పండి. ఖోరోగ్‌కి 45 కిలోమీటర్ల దూరంలో గరమ్ చష్మా వేడినీటి బుగ్గ ఉంది. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ వేర్వేరు వంతులు. పదిహేను నిమిషాలు చాలు. తిరుగు ప్రయాణంలో బండి నడిపేవాళ్ళు ఇంకా తక్కువసేపే దిగాలి, వేడినీళ్ళకి రక్తపోటు తగ్గి స్టీరింగ్ దగ్గర కళ్ళు మూతలు పడతాయి.

విరేచనాలు మొదలైతే లీటరు నీళ్ళకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ తలకొట్టుగా. ఇంకోటి: బ్రిటన్ మందుల షాపుల్లో దొరికే కోడీన్ కలిసిన నొప్పి మాత్రలు ఉజ్బెకిస్తాన్ సరిహద్దులో చిక్కు తెస్తాయి. ఇంట్లోనే వదిలేయండి. డ్రోన్ కూడా.

ఇస్సిక్‌కుల్_ఇడ్లీ:
పై ఇద్దరూ ఎక్కే ముందు సంగతే చెప్పారు. బండి చితికేది, మనుషులు డీలా పడేది దిగాకే. మూడు రాత్రులూ ఖోరోగ్‌లోనే ఖర్చు పెట్టేస్తే ఓష్ చేరేసరికి ఒంట్లో సత్తువ ఉండదు, ముందేమో ఇంకా కజకిస్తాన్ మొత్తం ఉంటుంది. నన్నడిగితే ఖోరోగ్‌లో రెండు, ఓష్‌లో రెండు. దాని కోసం ఇంకో రోజు కలుపుకోండి. ఓష్ సుమారు వెయ్యి మీటర్లు, గాలి చిక్కగా ఉంటుంది, నిద్ర దానంతటదే వస్తుంది. స్పేర్ పార్టుల బజారుంది, వెల్డర్లున్నారు. చెరువు గట్టున కూర్చోవాలనే కోరిక ఉంటే ఇస్సిక్-కుల్ ఉత్తరపు ఒడ్డు చోల్పోన్-అతాకి పోకండి, జులై ఆగస్టుల్లో అది తిరనాళ్ళే. దక్షిణపు ఒడ్డున తమ్గా, బోకోన్‌బాయేవో వైపు యుర్ట్ గుడారాల్లో ఉండొచ్చు. 1,607 మీటర్ల ఎత్తు, నీళ్ళు కాస్త ఉప్పన, ఈదాక ఒళ్ళు తేలికవుతుంది.

తిండి. శాకాహారికి ముర్గాబ్‌లో రొట్టె, టీ, బంగాళాదుంప దాటి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. అక్కడ నీళ్ళు 88 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు గంటసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది, గ్యాసు దండగ. రెండు లీటర్ల కుక్కరు పట్టుకెళ్ళండి, లేదా అటుకులు, రవ్వ, చింతపండు, చారు పొడితో సరిపెట్టుకోండి. ఓష్‌లో మాత్రం పండగే. పక్కనే ఉజ్గెన్ బియ్యం పండుతుంది, బజారులో కమ్మటి పెరుగు దొరుకుతుంది. పెరుగన్నం, ఆవకాయ బద్ద. పెసలు కూడా అక్కడి వంటలోవే, 'మాష్' అని అడగండి, ఇస్తారు.

కాగితాలు. తజికిస్తాన్‌కి వీసా కావలసినవాళ్ళు ఈ-వీసా తీసుకోండి. వీసా అక్కర్లేనివాళ్ళయినా సరే, పామీర్ ఉన్న గోర్నో-బదక్షాన్ ప్రాంతపు అనుమతి (జీబీఏఓ) లేకపోతే ఖోరోగ్ దాకా కూడా పోనివ్వరు. ఉజ్బెకిస్తాన్‌లో దిగిన మూడు పనిదినాల్లోపు రిజిస్ట్రేషన్ అవ్వాలి. హోటలువాళ్ళు చేసిచ్చే కాగితాలు దేశం దాటేదాకా దాచండి. ఇండియన్ పాస్‌పోర్టుకి కజకిస్తాన్‌లో వీసా లేకుండా ఒక్కోసారికి 14 రోజులే, 180 రోజుల్లో మొత్తం 42. కాబట్టి సేదతీరడమంతా కిర్గిజ్ వైపే ముగించండి. కారుకిచ్చే తాత్కాలిక దిగుమతి కాగితం మీద గడువు వేరుగా ఉంటుంది, మీ వీసా గడువుతో కలిపి చూడకండి. కిజిల్-ఆర్ట్ కనుమ దగ్గర తజిక్-కిర్గిజ్ సరిహద్దు దాటడానికి ముందస్తు అనుమతి కావాలేమో లండన్‌లో ఉండగానే కనుక్కోండి. అది మూసి ఉంటే ఈ చర్చ అంతా వృథా.

హౌన్‌స్లో_గోపి:
అందరికీ థాంక్సండీ. రెండు ప్లస్ రెండు బాగుంది. ఇంకో సందేహం: మాకు చందాలిచ్చినవాళ్ళు మేం సరస్సు ఒడ్డున కాళ్ళు చాపుకున్న ఫొటో చూస్తే "మా డబ్బుతో షికారా" అనరూ?

రెంచి_రాజు:
అంటారు, అనకుండా ఎలా ఉంటారు! అందుకే రెండు ఖాతాలు. జట్టుకి కనీసం వెయ్యి పౌండ్లు పోగుచేయాలి, అందులో సగం ర్యాలీ నిర్వాహకులు ఎంచుకున్న చారిటీ కూల్ ఎర్త్‌కి, మిగతాది మీరెంచుకున్న సంస్థకి. ఆ చందా పేజీలోంచి పెట్రోలుకి గానీ గదికి గానీ ఒక్క పెన్నీ తీయకండి. గిఫ్ట్ ఎయిడ్ పథకం కింద బ్రిటన్ ప్రభుత్వం పౌండుకి 25 పెన్నీలు కలిపేది నేరుగా చారిటీకి ఇచ్చిన డబ్బుకే, మీ హోటల్ బిల్లుకిచ్చిన దానికి కాదు. ప్రయాణం ఖర్చు మా జేబుదని పేజీలో పైనే, మొదటి వాక్యంగా రాయండి. బంధువులెవరైనా "దారి ఖర్చుకి ఉంచుకోండి" అని ఇస్తే అది విడిగా ముగ్గురి ఉమ్మడి ఖాతాలో వేయండి.

మందులమూట:
ఒక్కటి మర్చిపోయాను. ముర్గాబ్ వెళ్ళే రోజు పొద్దున సన్‌స్క్రీన్, షాంపూ సీసాలు, పెట్రోల్ క్యాను మూతలు ఒకసారి వదులు చేసి మళ్ళీ బిగించండి. క్యాను మూతిదాకా నింపొద్దు, కాస్త ఖాళీ వదలండి. పైకెళ్ళాక లోపలి గాలి ఉబ్బి, మూత తీయగానే మొహమ్మీద చిమ్ముతుంది. తీసేటప్పుడు గుడ్డ కప్పి మెల్లగా తిప్పాలి, దగ్గర్లో స్టవ్ వెలుగుతూ ఉండకూడదు.

హౌన్‌స్లో_గోపి:
రాసుకున్నాను. కుక్కరు మాత్రం మూడోవాడి ఒళ్ళో పెడుతున్నాం.