విదేశీ క్లాసులో గ్రూపు పని: నల్లగొండ, పాలమూరు వాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

మిర్యాలగూడ_చెల్లి:

అందరికీ నమస్కారం. పర్యావరణ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేయడానికి అక్టోబరులో జర్మనీ వెళ్తున్నాను. వీసా, బ్లాక్డ్ అకౌంటు (అక్కడి ఖర్చులకు ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా), ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు సరైనవేనని ఇచ్చేది) సంగతులన్నీ ఇక్కడి పాత చర్చలు చదివే పూర్తి చేసుకున్నాను కాబట్టి మళ్ళీ అడగను. నా దిగులు వేరు. అక్కడ సగం మార్కులు గ్రూపు పనికే ఉంటాయని, గ్రూపులో దేశానికొకరు ఉంటారని సీనియర్లు అంటున్నారు. మా బీటెక్‌లో ప్రాజెక్టు అంటే నలుగురి పేర్లు, ఒకరి పని. పైగా పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. అక్కడ ఒక రోజు ఎలా గడుస్తుందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మొదటి నుంచీ తెలుగువాళ్ళ గ్రూపులో చేరిపోతే నయమా?

సాగర్_ఎడమకాలువ:

చెల్లీ, మాది హాలియా దగ్గర. ఇక్కడ జర్మనీలో మూడో సెమిస్టర్ నడుస్తోంది. నిన్న ఎలా గడిచిందో చెప్తాను. విశేషమేమీ జరగలేదు, చాలా రోజులు అలాగే ఉంటాయి.

టైంటేబుల్‌లో పది అని ఉంటే క్లాసు పదింబావుకు మొదలవుతుంది. ఇక్కడి యూనివర్సిటీల్లో ఇది పాత ఆచారం. సమయం పక్కన సి.టి. అని ఉంటే ఆ పావుగంట ఉన్నట్టు, ఎస్.టి. అని ఉంటే సరిగ్గా పదికే. గ్రూపు మీటింగుకు మాత్రం ఏ పావుగంటా లేదు. క్లాసు అయ్యాక మెన్సాలో, అంటే యూనివర్సిటీ క్యాంటీన్‌లో భోజనం. అన్నం అంటూ పెడతారు గానీ దాని గురించి ఇప్పుడు వద్దు. తర్వాత లైబ్రరీలో ముందే బుక్ చేసుకున్న చిన్న గదిలో కలిశాం. నేను, ఒక ఇరాన్ అమ్మాయి, ఒక కొలంబియా అబ్బాయి, ఒక జర్మన్ అబ్బాయి. మురుగునీటి శుద్ధి కేంద్రం డిజైన్ చేయాలి.

కొలంబియా అతను ముందు అందరి ఇంట్లోవాళ్ళ క్షేమం అడుగుతాడు. జర్మన్ అతను గడియారం చూస్తాడు. తర్వాత వరసగా ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. అవలేదంటే ఎవరూ ఏమీ అనరు, ఎప్పటికి అవుతుందో మాత్రం అడిగి రాసుకుంటారు. అయిందని చెప్పి చూపించలేకపోతే ఆ తర్వాత నీ మాటకు విలువ ఉండదు.

నిన్న గంటసేపు కామాలతోనే సరిపోయింది. జర్మన్లు ఒకటిన్నరను 1,5 అని రాస్తారు, వెయ్యిన్నీ రెండు వందల యాభైని 1.250 అని రాస్తారు. కొలంబియాలోనూ దశాంశానికి కామానే. మనం లక్షన్నరను 1,50,000 అని రాస్తే అందరూ ఒక సున్నా ఎగిరిపోయిందనుకుంటారు. ఒకే ఎక్సెల్ ఫైలు, రెండు కంప్యూటర్లలో రెండు జవాబులు. ఒక ట్యాంకు బకెట్ అంత వచ్చింది. గ్రూపు పని మొదలుపెట్టిన రోజే అంకెలు ఎలా రాయాలో, ఏ కొలమానం వాడాలో, ఫైలుకు ఏ పేరు పెట్టాలో తేల్చుకోవాలి. ఇంగ్లీషు కంటే ముందు ఇది చూసుకో.

ఇంకో మాట. ఆరు క్రెడిట్ల సబ్జెక్టు అంటే దాదాపు 180 గంటల పని అని లెక్క. క్లాసులో కూర్చునేది అందులో కొంతే. మిగతాదంతా ఇలాంటి గదుల్లోనే గడుస్తుంది.

నకిరేకల్_నిమ్మ:

మీటింగుకు ఐదు నిమిషాలు ముందు వెళ్ళు. మొదటి నెలలో ఇదొక్కటి చేస్తే చాలు, మిగతావన్నీ క్షమిస్తారు.

టెక్సస్_పాలమూరు:

మీరంతా ఇరాన్, కొలంబియా అంటున్నారు. ఇక్కడ మా క్లాసులో సగానికి పైగా మనవాళ్ళే. అంతర్జాతీయ గ్రూపు అంటే ఒకరు ఖమ్మం, ఒకరు గుంటూరు, ఒకరు నెల్లూరు. మధ్యలో నేను జడ్చర్ల.

చెల్లెలు అడిగిన ఆఖరి ప్రశ్నకు నా జవాబు: తెలుగువాళ్ళ గ్రూపులో చేరితే తప్పేమీ లేదు. అప్పు చేసి వచ్చాం. ఎఫ్-1 వీసా (అమెరికా స్టూడెంట్ వీసా) మీద చదువు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ గంటలు అయ్యాక ఏ అర్ధరాత్రో మీటింగు పెట్టుకుందామంటే వచ్చేది మనవాళ్ళే. ఒంట్లో బాగా లేకపోతే చారు తెచ్చిపెట్టేదీ వాళ్ళే. పెద్ద మాటలు చెప్పేవాళ్ళు ఇది మర్చిపోతారు.

కానీ ఒకటి గట్టిగా చెప్తాను. మన వాట్సాప్ గ్రూపుల్లో పోయినేడాది అసైన్‌మెంట్లు తిరుగుతుంటాయి. వాటి జోలికి వెళ్ళవద్దు. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌కు పాతవన్నీ గుర్తుంటాయి. గ్రూపులో ఒక్కరు దింపినా నలుగురినీ పిలుస్తారు. ఇక్కడ మన ఇన్విజిలేటర్ సార్లలా చూసీ చూడనట్టు ఎవరూ పోరు.

గద్వాల_జరీ:

టెక్సస్ అన్నా, చారు సంగతి ఒప్పుకుంటాను, మిగతాది ఒప్పుకోను. మా గ్రూపులో ముగ్గురం తెలుగువాళ్ళం, నాలుగో అమ్మాయిది వియత్నాం. మీటింగు ఇంగ్లీషులో మొదలై పది నిమిషాల్లో తెలుగులోకి జారిపోయేది. మనవాళ్ళకు ఆ స్పృహే ఉండదు. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ వంక చూస్తూ కూర్చునేది. చివరికి ఆమె ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టింది, తనకు పని ఇవ్వడం లేదని. ఆమె చేసింది సబబే అంటాను. మనం పూణెలో ఉన్నప్పుడు ఆఫీసులో అందరూ మరాఠీలో మాట్లాడుకుంటే ఎంత ఉక్రోషం వచ్చేదో గుర్తు చేసుకోండి.

ఇంట్లో తెలుగువాళ్ళతో ఉండండి, గ్రూపులో వద్దు. రెండూ ఒకే మనుషులైతే ఎవరు సింకు కడగలేదన్న తగాదా ప్రాజెక్టు రిపోర్టులోకి వస్తుంది.

మర్రిగూడ_నీళ్ళు:

నేను నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో నీటి సరఫరా మీద చదువుకున్నాను. చెల్లిది పర్యావరణ ఇంజినీరింగ్ అంటున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మా గ్రూపులో ఒక ఇథియోపియా అతను, ఒక కెన్యా ఆమె, ఒక డచ్ అబ్బాయి ఉన్నారు. ఇథియోపియా అతను పరిచయం చేసుకుంటూ నవ్వినప్పుడు నా చూపు ఆగిపోయింది. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే గార పళ్ళు. మా మండలంలో మా నాన్న తరం వాళ్ళకు ఉన్నట్టే, గోధుమరంగు అడ్డగీతలు. అతనిది రిఫ్ట్ లోయ ప్రాంతం. నాది నల్లగొండ జిల్లా అనగానే అతను కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. నల్లగొండ అతనికి ఒక పద్ధతి పేరుగా తెలుసు. అది ఊరని, అక్కడ మనుషులుంటారని ఎప్పుడూ ఆలోచించలేదన్నాడు.

తెలియనివాళ్ళ కోసం: నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించినదే నల్లగొండ పద్ధతి. నీళ్ళలో పటిక, కొంచెం సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా కలిపి గంటసేపు వదిలేస్తే మడ్డి అడుగుకు చేరుతుంది, పైన తేట నీళ్ళు వాడుకోవచ్చు. కరెంటు అక్కర్లేదు, పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అందుకే ఆఫ్రికా దాకా వెళ్ళింది.

ఇక మా గ్రూపులో వాదన. పద్ధతి మీ ఊరిదే కదా, నువ్వే సమర్థించు అన్నారు. నేను ఎదురు మాట్లాడాను. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇథియోపియాలో కొన్నిచోట్ల అది పది కూడా దాటుతుంది. అంత ఉంటే పటిక మోతాదు విపరీతంగా పెంచాలి, మడ్డి గుట్టలు పడుతుంది, నీళ్ళలో సల్ఫేటు, అల్యూమినియం మిగులుతాయి. కెన్యా ఆమెది నకూరు. అక్కడ ఎముకల బొగ్గుతో వడగడతారు, బాగా పని చేస్తుందని ఆమె లెక్కలతో చూపించింది. డచ్ అబ్బాయికి అది తెగ నచ్చింది, చవక, స్థానికం. నేను ఒక్కటే అడిగాను: మా ఊళ్ళో పెద్దమనిషి ఇంటికి వెళ్ళి పశువుల ఎముకల మీదుగా వచ్చిన నీళ్ళు తాగమని నువ్వు చెప్తావా? ఆ అబ్బాయి నవ్వలేదు, నోట్సులో రాసుకున్నాడు. జనం ఒప్పుకోవడం అనే అధ్యాయమే మా రిపోర్టులోకి అలా వచ్చింది.

చెల్లీ, అక్కడ నా ఇంగ్లీషు మీకంటే గొప్పదేమీ కాదు. కానీ ఆ గదిలో వ్యాకరణం ఎవరికీ పట్టలేదు, బోరు దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ అనుభవం నాకూ ఇథియోపియా అతనికీ మాత్రమే ఉంది. మీ ఊరి గురించి నోట్సు రాసి పట్టుకెళ్ళండి. బోరు లోతు, కాలువ నీళ్ళు ఎప్పుడు వదులుతారు, రైస్ మిల్లుల నీళ్ళు ఎటు పోతాయి, ఇవన్నీ. మిర్యాలగూడలో రైస్ మిల్లులకు కొదవా?

దేవరకొండ_మాస్టారు:

మర్రిగూడ బాబూ, బాగా రాశావు. నేను రిటైరైన సైన్సు మాస్టారిని. ఆ పద్ధతికి ఇళ్ళలో 40 లీటర్ల బకెట్ చెప్పేవారు, అడుగుకు కాస్త పైన కుళాయి. పిల్లలకు నేనే కలిపి చూపించేవాణ్ణి. బళ్ళో చూడటానికి బాగుంటుంది. ఇంట్లో రోజూ పొద్దున్నే పొలం పనికి వెళ్ళాల్సిన తల్లి పటిక తూచి, కలిపి, గంట ఆగి, మడ్డి పారబోయాలంటే ఎన్నాళ్ళు చేస్తుంది? ఆ సంగతి మీ రిపోర్టులో ఉందా?

మర్రిగూడ_నీళ్ళు:

ఉంది మాస్టారూ, ఇథియోపియా అతనే రాశాడు, వాళ్ళ దగ్గరా నీళ్ళు మోసేది ఆడవాళ్ళే. అందరికంటే విచిత్రంగా అనిపించింది చివర్లో డచ్ అబ్బాయి వేసిన ప్రశ్న: ఇప్పుడు నల్లగొండలో ఈ పద్ధతి ఎంతమంది వాడుతున్నారు? మా దగ్గర బోరు నీళ్ళు తాగడం తగ్గింది బకెట్ల వల్ల కాదు, పైపుల్లో కృష్ణా నీళ్ళు వచ్చినందువల్ల అని చెప్పాను. ఇంటింటికీ పైపుల్లో తాగునీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ చౌటుప్పల్‌లో ఉంది, దాని ఫొటో కూడా చూపించాను. నది దగ్గర్లో లేని వాళ్ళ సంగతేమిటని కెన్యా ఆమె అడిగింది. దాని మీద ఆ సాయంత్రమంతా వాదించుకున్నాం, తేలలేదు. రిపోర్టులో రెండు వాదనలూ పెట్టాం. అక్కడ పదికి మార్కులు, పది దాదాపు ఎవరికీ ఇవ్వరు. మాకు ఎనిమిది వచ్చింది, పండగ చేసుకున్నాం.

కోస్గి_గుంపు:

మార్కుల మాట వచ్చింది కాబట్టి: బ్రిటన్‌లో 70, ఆపైన వస్తే డిస్టింక్షన్. మొదటిసారి 64 వచ్చిందని ఇంటికి చెప్తే మా అమ్మ రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ముందే చెప్పి వెళ్ళండి. జర్మనీలో అయితే ఇంకా చిక్కు, అక్కడ 1.0 అంటే అన్నిటికంటే మంచిది, 5.0 అంటే తప్పినట్టు.

నాది నిర్మాణ రంగ నిర్వహణ. వలస కూలీల మీద గ్రూపు ప్రాజెక్టు ఇచ్చారు. నేపాల్ అతను ఖతార్ వెళ్ళే వాళ్ళ అప్పుల గురించి చెప్పాడు, ఫిలిప్పీన్స్ ఆమె ఏజెన్సీల గురించి చెప్పింది. నేను పాలమూరు కూలీల గురించి మొదలుపెట్టాను. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి ఊరి నుంచి జట్టును తీసుకెళ్ళడం, దేశంలో ఎన్నో ప్రాజెక్టుల దగ్గర గుడిసెలు వేసుకుని మట్టి పని చేయడం, ముంబై బస్సులు. మా తాత అలా వెళ్ళినవాడే. అంతవరకు నేను ఈ మాట క్లాసులో ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. నేపాల్ అతను వెంటనే కాగితం మీద మూడు గడులు గీసి, అప్పు ఎవరిస్తారు, ఎవరు పట్టుకెళ్తారు, చెల్లింపు ఎప్పుడు అని మూడు దేశాలనూ పక్కపక్కన పెట్టాడు. మా ప్రాజెక్టుకు వెన్నెముక ఆ పట్టికే.

చివర్లో ఒకరికొకరు మార్కులు వేసుకోవాలి, రహస్యంగా. మనవాళ్ళు మొహమాటానికి అందరికీ సమానంగా వేస్తారు. పని చేయనివాళ్ళకు కూడా. అది దయ కాదు, పని చేసినవాళ్ళకు అన్యాయం. ఎవరు ఏం చేశారో తేదీలతో రాసి పెట్టుకోండి, అప్పుడు మనసు పీకదు.

మిర్యాలగూడ_చెల్లి:

అన్నలకు, గద్వాల అక్కకు, మాస్టారికి ధన్యవాదాలు. ఇంకొక్కటి. అందరూ గడగడా మాట్లాడుతుంటే మధ్యలో ఎలా దూరాలి? నేను ఆలోచించి వాక్యం కూర్చుకునేలోగా విషయం మారిపోతుంది.

గద్వాల_జరీ:

దూరవద్దు, ముందే రాయి. మీటింగుకు ముందు రోజు రాత్రి పంచుకున్న ఫైలులో నీ అభిప్రాయం రెండు లైన్లు పెట్టు. మర్నాడు వాళ్ళే నీ పేరు పిలిచి అడుగుతారు. మా క్లాసులో చైనా అమ్మాయిలు అలాగే చేసేవాళ్ళు. మీటింగులో పెదవి విప్పరు, రాత్రికి ఫైలు నిండా వాళ్ళ వ్యాఖ్యలే.

ఇంకా, అర్థం కాకపోయినా తల ఊపడం మానెయ్. మన తల ఊపు అవునో కాదో వాళ్ళకు తెలియదు, కొన్నిసార్లు మనకే తెలియదు.

సాగర్_ఎడమకాలువ:

రాయడం మంచిదే గానీ దానికే అలవాటు పడితే ప్రెజెంటేషన్ రోజున నోరు రాదు. వారానికి ఒక్కసారైనా ముందుగా నువ్వే మొదలుపెట్టు. మొదట మాట్లాడేవాళ్ళను ఎవరూ మధ్యలో ఆపరు.

అచ్చంపేట_నాన్న:

నేను విద్యార్థిని కాను, మా అబ్బాయి జర్మనీలో ఉన్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను చేసేవాణ్ణి, ఎత్తేవాడు. నవంబరు నుంచి గ్రూపు మీటింగులో ఉన్నానని పెట్టేస్తున్నాడు. నిజమేనా?

సాగర్_ఎడమకాలువ:

నిజమే అయి ఉంటుంది బాబాయ్. అక్టోబరు చివరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. వేసవిలో మీకూ మాకూ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. మీ తొమ్మిదిన్నర ఇదివరకు మాకు సాయంత్రం ఆరు, ఇప్పుడు ఐదు. ఐదింటికి మేమందరం లైబ్రరీలోనే ఉంటాం. మార్చి చివరి ఆదివారం దాకా పదిన్నరకు చేయండి.

అచ్చంపేట_నాన్న:

పదిన్నర దాకా మేలుకోవడం కష్టం. ఆదివారం పగలు చేస్తాను, ఆ రోజు లైబ్రరీ ఉండదు కదా?

సాగర్_ఎడమకాలువ:

కొన్నిచోట్ల ఆదివారమూ తెరిచే ఉంటుంది బాబాయ్. మన మధ్యాహ్నం మూడు దాటాక చేయండి. అంతకు ముందు చేస్తే నిద్రలో ఉంటాడు.