అప్‌డేట్: ముందు డస్ట్ కలెక్టరే కొన్నాం

నాన్నగారి వడ్రంగి షెడ్డుకి ముందు ప్యానెల్ సా (పెద్ద పలకలు కోసే రంపం మెషీన్) కొనాలా, డస్ట్ కలెక్టర్ (మెషీన్ల దగ్గర చెక్క దుమ్ము లాగేసేది) కొనాలా అని సంక్రాంతికి ముందు అడిగాను. ముందు దుమ్ము సంగతి చూడమని ఎక్కువమంది చెప్పారు. అలాగే చేశాం.

3 హెచ్‌పీ మోటారు, సైక్లోన్ (గాలిని సుడి తిప్పి పొట్టును వేరుచేసేది), 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫిల్టర్ తీసుకున్నాం. మొదటి నెల మాత్రం చాలా నిరాశపడ్డాను. తప్పు నాదే: షెడ్డంతా ముడతల ఫ్లెక్సిబుల్ గొట్టం లాగి, అన్ని మెషీన్ల గేట్లూ (ఒక్కో మెషీన్ గొట్టాన్ని మూసే పలకలు) తెరిచే ఉంచాను. గాలి లాగే శక్తి అంతా దారిలోనే పోయేది, థిక్‌నెస్ ప్లేనర్ (చెక్కను ఒకే మందానికి చెక్కే మెషీన్) కింద పొట్టు గుట్టగా పడేది. ఇప్పుడు మెయిన్ లైన్ 6 అంగుళాల నున్నటి పైపు, బ్రాంచీలు 4 అంగుళాలు. నడిచే మెషీన్ గేటు ఒక్కటే తెరుస్తున్నాం. తేడా చాలా ఉంది! పీవీసీ పైపు ముట్టుకుంటే స్టాటిక్ కరెంటుతో చురుక్కుమనేది, దాని వెంబడి రాగి తీగ చుట్టి ఎర్త్‌కి కలిపాక అదీ తగ్గింది.

టేకు పొట్టు పొయ్యిలోకి ఇచ్చేస్తాం. ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) పొడిలో ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది కాబట్టి దాన్ని వేరే డ్రమ్ములో పడుతున్నాం, ఎవరినీ కాల్చనివ్వడం లేదు.

నాన్నగారు సాయంత్రం ఇంటికొచ్చాక దగ్గడం తగ్గింది. అయినా శాండింగ్ చేసేటప్పుడు మాస్కు తీయనివ్వను. చెక్క దుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో (మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో) చేర్చారని చదివినప్పటి నుంచి నాకు అదే టెన్షన్.

ప్యానెల్ సా సెకండ్‌హ్యాండ్‌ది దొరికింది. షెడ్డు కరెంటు కనెక్షన్‌కి త్రీ ఫేజ్ లోడ్ పెంచగానే బిగిస్తాం.