ఫ్రీవీల్ హబ్ మీదే ఫిక్స్‌డ్ కాగ్ బిగించడం: ఆదానా, ఆత్మహత్యా?

తుప్పు_హంస:
పాత పన్నెండు గేర్ల రోడ్ సైకిల్ ఒకటి చేతికొచ్చింది. స్టీల్ ఫ్రేమ్, గేర్లు మార్చే డిరైలర్లు రెండూ పనికిరావు, షిఫ్టర్లలో ఒకటి అసలు లేనే లేదు. ఫ్రేమ్ మాత్రం ఎక్కడా వంగలేదు, పగుళ్ళు లేవు, పైపైన తుప్పు, అంతే. గేర్ల సామానంతా పీకేసి ఫిక్స్‌డ్ (చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ తిరిగే, వెనక్కి నొక్కితే వేగం తగ్గే రకం) చేద్దామనుకుంటున్నా. చేతిలో డబ్బులు తక్కువ, అందుకే ఈ ప్రశ్న. వెనక చక్రం హబ్ (మధ్య దిమ్మ) ఫ్రీవీల్‌ని (తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే పళ్ళ చక్రాల గుత్తి) మరతో బిగించే రకం, ఆ మర 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. ట్రాక్ కాగ్ (ఫిక్స్‌డ్‌కి వాడే, హబ్‌తో కలిసే తిరిగే పళ్ళ చక్రం) మర కూడా సరిగ్గా అదే. మరి ఫ్రీవీల్ విప్పి కాగ్ ఎక్కించి, పైన పాత బాటమ్ బ్రాకెట్ లాక్‌రింగ్ (పెడళ్ళ ఇరుసు దగ్గర వాడే బిగింపు రింగు, దానిదీ అదే మర) ఒకటి బిగిస్తే సరిపోదా? దీన్ని 'సూసైడ్ హబ్' అని భయపెట్టేవాళ్ళున్నారు, ఏళ్ళ తరబడి ఇలాగే తొక్కుతున్నామనేవాళ్ళూ ఉన్నారు. ఎవరిని నమ్మాలి?

ఎడమ_మర:
భయపెట్టేవాళ్ళని నమ్ము. ఫిక్స్‌డ్ కోసమే చేసిన ట్రాక్ హబ్‌కి రెండు మెట్ల మర ఉంటుంది. కాగ్ ఎక్కేది మామూలు కుడి మర, దాని పక్కన కాస్త చిన్న వ్యాసంతో లాక్‌రింగ్ ఎక్కేది ఎడమ మర. నువ్వు వెనక్కి నొక్కినప్పుడు కాగ్ ఊడొద్దామని చూస్తే లాక్‌రింగ్‌ని తోస్తుంది, ఆ తోపుకి లాక్‌రింగ్ ఇంకా బిగుసుకుంటుంది. ఒకడు పారిపోదామంటే ఇంకొకడు తలుపేసినట్టు. నువ్వు చెప్పిన పద్ధతిలో రెండూ కుడి మరలే, కాగ్ తిరిగితే లాక్‌రింగ్ కూడా దాంతోపాటే నవ్వుకుంటూ బయటికొస్తుంది. ఇందులో వాదించడానికేముంది నాకర్థం కాదు.

రొటాఫిక్స్_రాయుడు:
వాదించడానికి చాలా ఉంది బాసూ. రెండేళ్ళుగా అచ్చంగా ఇదే సెటప్ తొక్కుతున్నా, ఒక్కసారి కూడా కదల్లేదు. కిటుకంతా బిగించడంలోనే ఉంది. చిన్న చైన్ విప్ (కాగ్‌ని పట్టి తిప్పే పానా) పట్టుకుని చేత్తో బిగించి వదిలేస్తే ఊడక ఏం చేస్తుంది? రొటాఫిక్స్ చెయ్యాలి. సైకిల్ తలకిందులు పెట్టి, చైన్ ఒక కొస కాగ్ చుట్టూ తిప్పి, రెండో వైపు బాటమ్ బ్రాకెట్ గొట్టానికి గుడ్డ చుట్టి దానిమీద బిగించి, చక్రాన్నే పానాలాగా పట్టుకుని తిప్పడం. చక్రం అంత పొడుగు పానా ఇంకెక్కడ దొరుకుతుంది!

ఇంకో మాట. 80 కిలోల మనిషి 170 మి.మీ. క్రాంక్ (పెడల్ తగిలించే చెయ్యి) మీద నిలబడితే క్రాంక్ దగ్గర సుమారు 133 న్యూటన్ మీటర్ల బలం, 44/16 గేరులో (ముందు 44 పళ్ళు, వెనక 16) దాన్ని 2.75తో భాగిస్తే హబ్ మర మీద పడేది 48. ఎత్తు ఎక్కిన ప్రతిసారీ కాగ్ ఆ బలంతో బిగుస్తూనే ఉంటుంది. మెల్లగా వెనక్కి నొక్కి వేగం తగ్గించుకునేవాడికి అందులో సగం బలం కూడా రాదు. పైగా నాకు ముందు బ్రేక్ ఉంది. బ్రేక్ లేకుండా తొక్కమని నేనెవరికీ చెప్పను, అది వేరే పిచ్చి.

ఎడమ_మర:
లెక్క బాగుంది, కానీ సగమే వేశావు. స్కిడ్ చేస్తే? ఒళ్ళు ముందుకి వేసి వెనక చక్రం లాక్ చేసినప్పుడు వెనక టైరు మీద ఓ 20 కిలోల బరువు మిగిలిందనుకో, ఘర్షణ గుణకం 0.7, చక్రం వ్యాసార్ధం 0.34 మీటర్లు, గుణించి చూడు, అదీ 47 దగ్గరికే వస్తుంది, ఈసారి విప్పే దిక్కులో. మామూలు మర బిగించిన బలం కన్నా కాస్త తక్కువకే విడివడుతుందని నీకు తెలియనిది కాదు. చైన్ కొంచెం వదులుగా ఉంటే ముందుకీ వెనక్కీ మారిన ప్రతిసారీ కాగ్ మీద సుత్తి దెబ్బ, అది ఏ లెక్కలోకీ రాదు. స్కిడ్ చెయ్యను అంటావు, సరే, రోడ్డు మీద పిల్లాడు అడ్డమొస్తే కాలు నిన్ను అడిగి ఆగుతుందా?

రొటాఫిక్స్_రాయుడు:
కాలు కాదు, చెయ్యి వెళ్ళాలి బ్రేక్ మీదికి. అలవాటు అంటే అదే.

స్పోక్ల_సుబ్బులు:
చక్రాలు అల్లేదాన్నిగా నా రెండు ముక్కలు. మీరిద్దరూ మర దగ్గరే ఆగిపోయారు, అవతల ఆ అబ్బాయి ఫ్రేమ్ సంగతి ఎవరూ అడగలేదు. హంస తమ్ముడూ, ముందు వెనక డ్రాపవుట్ (ఫ్రేమ్‌లో ఇరుసు కూర్చునే గాడి) చూడు. ఇరుసు ముందుకీ వెనక్కీ జరిగేలా పొడుగు గాడి ఉందా, లేక నిలువు గాడి ఉందా? నిలువుదైతే ఫిక్స్‌డ్ ఆలోచన దాదాపు మానుకోవడమే, ఎందుకంటే చైన్ బిగువు సరిచేసుకునే దారి ఉండదు. టెన్షనర్ (చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే చిన్న చక్రం) పెడదామంటే ఫిక్స్‌డ్‌లో అది పనికిరాదు, వెనక్కి నొక్కగానే బలమంతా కింది చైన్ మీద పడి దాన్ని విరిచేస్తుంది. ఇరుసుని పక్కకి జరిపి బిగించే ప్రత్యేక హబ్‌లు ఉన్నాయి, కానీ వాటి ఖరీదుకి ఇంకో ఫ్రేమే వస్తుంది.

రెండోది చైన్‌లైన్. సీట్ ట్యూబ్ మధ్య నుంచి ముందు పళ్ళ చక్రానికి ఎంత దూరమో, వెనక ఇరుసు మధ్య నుంచి కాగ్ పళ్ళకి అంతే ఉండాలి. ట్రాక్ సైకిళ్ళకి అది 42 మి.మీ. దగ్గర ఉంటుంది. డబుల్ క్రాంక్‌లో లోపలి పళ్ళ చక్రం స్థానంలో ఒక్కటే పెడితే చాలాసార్లు దగ్గరికొస్తుంది. ఫిక్స్‌డ్‌లో చైన్ వంకరగా నడిస్తే ఊడుతుంది, ఊడితే వెనక చక్రం బిగుసుకుపోవచ్చు, అది కాగ్ ఊడినదానికన్నా పెద్ద ప్రమాదం. నా దగ్గరికొచ్చే మార్పిడి సైకిళ్ళలో మర కన్నా ఈ వంకరే ఎక్కువ చూస్తా.

మూడోది అందరూ మర్చిపోయేది. గేర్ల చక్రంలో కుడివైపు ఫ్రీవీల్‌కి చోటివ్వడానికి రిమ్ హబ్ మధ్యలో ఉండదు. ఆ ఫ్రీవీల్ తీశాక కుడి స్పేసర్లు ఎడమకి మార్చి, స్పోకులు సరిచేసి రిమ్‌ని మళ్ళీ ఫ్రేమ్ మధ్యకి తెస్తే, రెండు వైపులా స్పోకుల బిగువు దగ్గర దగ్గరగా వచ్చి చక్రం ఇంకా గట్టిపడుతుంది. దీనికి ఒక స్పోక్ కీ, ఒక సాయంత్రం చాలు.

ఒకే_గేరు_చాలు:
అసలు ఫిక్స్‌డే ఎందుకు? అదే హబ్ మీద ఒక్క పళ్ళ చక్రం ఉన్న సింగిల్ స్పీడ్ ఫ్రీవీల్ బిగించు, రెండు బ్రేకులూ ఉంచు, అయిపోయింది. లాక్‌రింగ్ గొడవ లేదు, స్కిడ్ లెక్కల్లేవు. ఇరుసు గాడి నిలువుదైనా టెన్షనర్ పెట్టుకోవచ్చు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

రొటాఫిక్స్_రాయుడు:
ఫిక్స్‌డ్ ఒకసారి తొక్కినవాడు ఆ మాట అనడు. సైకిల్ నీ కాళ్ళతో మాట్లాడుతుంది.

ఒకే_గేరు_చాలు:
నా మోకాళ్ళతో కూడా మాట్లాడింది. మూడు నెలలు మాట్లాడింది. దిగుడులో కాళ్ళు ఆపలేక గిరగిరా తిప్పడం మజా అనుకునేవాళ్ళకి దండం.

మోచేతి_మచ్చ:
ఎప్పుడూ చదివి పోయేవాణ్ణి, ఈసారి రాయక తప్పట్లేదు. నాకు ఊడింది. రొటాఫిక్స్ చేశా, లాక్‌రింగ్ పెట్టా, మరకి అంటించే జిగురు కూడా వేశా. నాలుగు నెలలు ఏమీ కాలేదు. ఒకరోజు దిగుడులో వేగం ఆపడానికి గట్టిగా వెనక్కి నొక్కాను, పెడల్ ఖాళీగా వెనక్కి తిరిగిపోయింది, మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనప్పుడు గుండె జారుతుందే, అలా. ముందు బ్రేక్ ఉంది కాబట్టి మోచేయి గీరుకోవడంతో సరిపోయింది. తర్వాత విప్పి చూస్తే అసలు సంగతి తెలిసింది. కాగ్ ఎక్కాక నా హబ్ మీద లాక్‌రింగ్‌కి మిగిలింది చుట్టున్నర మర, అదీ అల్యూమినియం, తురుమైపోయింది. అంటే చక్రం ఆదా చేద్దామనుకుని హబ్ కూడా పోగొట్టుకున్నా. రాయుడు గారి హబ్ మీద మర ఎక్కువుందేమో, నాకు లేదు. బిగించే ముందు ఎన్ని చుట్లు మిగిలాయో లెక్కపెట్టుకోండి, నేను లెక్కపెట్టలేదు.

రొటాఫిక్స్_రాయుడు:
ఇది మంచి పాయింట్. నాది మూడు చుట్లకి పైనే ఉంది. చుట్టున్నర ఉంటే నేనూ వద్దనే అంటా.

ఎడమ_మర:
రెండేళ్ళకి ఒక మెట్టు దిగావు, సంతోషం.

తుప్పు_హంస:
అందరికీ థాంక్స్. గాడి పొడుగుదే సుబ్బులక్కా, ఇరుసు రెండు సెంటీమీటర్లు జరుగుతోంది. వెనక ఫోర్క్ వెడల్పు 126 మి.మీ. వచ్చింది. ఇంకో చిక్కు, చక్రాలు 27 అంగుళాలవి, వాటి టైర్లు సరిగా దొరకట్లేదు, 700సీ పెట్టొచ్చా?

స్పోక్ల_సుబ్బులు:
పెట్టొచ్చు. 27 అంగుళాల రిమ్ వ్యాసం 630 మి.మీ., 700సీది 622. బ్రేక్ రబ్బర్లు 4 మి.మీ. కిందికి దిగాలి. నీ బ్రేక్ చేతుల గాడిలో అంత చోటుందో లేదో కొలిచాకే చక్రాల కోసం వెతుకు. ట్రాక్ చక్రం 120 వెడల్పుదైతే ఇరుసుకి రెండు వైపులా 3 మి.మీ. స్పేసర్లు చాలు, ఫ్రేమ్ నొక్కనక్కర్లేదు.

ఎడమ_మర:
ఎప్పటికైనా స్కిడ్ నేర్చుకుంటావు కాబట్టి ఒక మాట, 48/16 మాత్రం పెట్టకు. సరిగ్గా మూడు రెట్లు కావడంతో టైరు ప్రతిసారీ ఒకేచోట అరుగుతుంది. 46/16 పెడితే ఎనిమిది చోట్ల, 47/17 అయితే పదిహేడు చోట్ల పంచుకుంటుంది.

తుప్పు_హంస:
లెక్కపెట్టాను. పాత కాగ్ ఒకటి అరువు తెచ్చి పక్కన పెట్టి కొలిస్తే లాక్‌రింగ్‌కి రెండు చుట్లు మిగిలేలా ఉంది, అటూ ఇటూ కాకుండా. అందుకని ప్రస్తుతానికి సింగిల్ స్పీడ్ ఫ్రీవీల్, రెండు బ్రేకులు. వాడిన ట్రాక్ చక్రం ఎక్కడైనా కనబడితే అప్పుడు ఫిక్స్‌డ్. రాయుడన్నా, కోప్పడకు. అయితే పాత ఫ్రీవీలే ఊడట్లేదు, దాన్ని విప్పే రిమూవర్ పెట్టి పెద్ద పానాతో ఇద్దరం వేలాడినా కదల్లేదు.

రొటాఫిక్స్_రాయుడు:
చూశారా! లాక్‌రింగ్ లేదు, జిగురు లేదు, ఏళ్ళ తరబడి తొక్కుడికి మర ఎలా బిగిసిందో!

ఎడమ_మర:
ఫ్రీవీల్‌ని వెనక్కి తొక్కితే ఉత్తినే తిరుగుతుంది కాబట్టి అలా బిగిసింది. విప్పే దిక్కులో దాని మీద ఒక్కరోజు బలం పడలేదు.

స్పోక్ల_సుబ్బులు:
మీ గొడవ తర్వాత చూసుకోండి. తమ్ముడూ, మరలోకి పాకే నూనె వేసి రాత్రంతా వదిలెయ్. రిమూవర్‌ని ఇరుసు స్క్యూవర్‌తో (ఇరుసు గుండా వెళ్ళే సన్నని కడ్డీ) నొక్కిపెట్టి ఉంచు, లేకపోతే జారి పళ్ళు అరిగిపోతాయి. తర్వాత రిమూవర్‌ని బల్లకి బిగించిన వైస్‌లో పట్టించి, చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎడమకి తిప్పు. టక్కుమని కదలగానే స్క్యూవర్ వదులు చెయ్, మర్చిపోతే అది విరుగుతుంది. ఊడేదాకా స్పోకులు మాత్రం విప్పకు, రిమ్ లేకపోతే పట్టుకుని తిప్పడానికి ఏమీ మిగలదు.