ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో ఎందుకు విడిపోయింది?

నెల్లూరు కోడలు: పాటూరు చీర కొన్నాను, మామిడిపండు రంగు. మ్యాచింగ్ సెంటర్‌లో ట్యూబులైటు కింద జాకెట్టు ముక్క దాని మీద పరిస్తే అంచు కూడా కనపడలేదు. ఇంటి వరండాలో చూస్తే ముక్క ఒక రంగు, చీర ఒక రంగు. చీరది నాసిరకం అద్దకమే కదా?

ఒంగోలు మాస్టారు: అద్దకం కాదమ్మా, కన్ను. రంగు పట్టే శంకుకణాలు మూడే రకాలు. కాంతి అల పొడవు, అంటే తరంగదైర్ఘ్యం, దాదాపు 420, 530, 560 నానోమీటర్లు ఉన్న దగ్గర బాగా స్పందిస్తాయి. ఏ కణమైనా తాను పట్టిన కాంతి ఎంతో చెబుతుంది గానీ అది ఏ తరంగదైర్ఘ్యమో చెప్పలేదు. మూడు లెక్కలూ సరిపోతే రెండు బట్టలూ ఒకటే రంగు. ట్యూబులైటులో కొన్ని తరంగదైర్ఘ్యాలు మరీ ఎక్కువ, కొన్ని మరీ తక్కువ. అద్దకాలు వేరైతే ఎండలోకి రాగానే లెక్క తప్పుతుంది. ఫోనులో పసుపు కూడా ఎర్ర, ఆకుపచ్చ చుక్కలే.

పాటూరు మగ్గం: నా ఫోనులో పసుపుకొమ్ము ఫొటో పసుపుగానే ఉంది మాస్టారూ.

ఒంగోలు మాస్టారు: తెర మీద చిన్న నీటిబొట్టు వేసి, అందులోంచి చూడండి.

దారిన పోయేవాడు: ఫోను పాడైతే మాస్టారు కొనిస్తారా?

పాటూరు మగ్గం: చూశాను, చుక్కలున్నాయి. సన్నాయి, డోలు కలిసి మోగినా చెవికి రెండూ తెలుస్తాయి. కంటికి ఆ మాత్రం తెలియదా?

ఒంగోలు మాస్టారు: తెలియదు. 1850లలోనే మాక్స్‌వెల్ అనే భౌతికశాస్త్రవేత్త రంగు కాగితాల బిళ్లలను బొంగరంలా తిప్పి, వేర్వేరు మిశ్రమాలు ఒకే రంగుగా కనిపిస్తాయని చూపించాడు.

నెల్లూరు కోడలు: బొంగరాలు సరే, నా డబ్బులు? వీధిలోకి తీసుకెళ్లి చూస్తానంటే, బిల్లు కట్టాకే అన్నాడు దుకాణదారు.

పాటూరు మగ్గం: నాసిరకం అన్నారు చూడండి, నాకు మండింది అక్కడే. నిరుడు షావుకారు ఇదే మాట అని రెండు చీరలు తిప్పికొట్టి కూలి కోశాడు. పాత నమూనా ముక్క పక్కన పెట్టి ఆయన చూసిందీ ట్యూబులైటు కిందే. నేను నూలు అద్దింది ఎండలో.

ఒంగోలు మాస్టారు: ఈ సంగతి మొదటే చెప్పవచ్చు కదా!

పాటూరు మగ్గం: చెప్పనిస్తేగా! మీరు నానోమీటర్లలో ఉన్నారు. ఎవరి దీపం కింద చూసి కూలి కోయాలో అందులో ఉందా?

నెల్లూరు కోడలు: నాసిరకం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నా. ముక్క మాత్రం రేపు మార్పిస్తాను. మధ్యాహ్నమే వెళ్తాను, చీర పట్టుకుని గుమ్మం బయట నిలబడతాను.