900 డిగ్రీల ఫ్లూ గ్యాస్‌లో కె టైప్ థర్మోకపుల్ రానురాను తక్కువ చూపిస్తోంది, డిజైన్‌లో ఏం మార్చాలి?

కొలిమి_డిజైన్:
అందరికీ నమస్కారం. ఫర్నేస్ నుంచి బయటికి వచ్చే ఫ్లూ గ్యాస్ డక్ట్ కోసం టెంపరేచర్ సెన్సార్ అసెంబ్లీ కొత్తగా డిజైన్ చేస్తున్నాను. గ్యాస్ 850 నుంచి 950 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, వేగం సెకనుకు 20 మీటర్ల దాకా, దుమ్ము బాగా ఎక్కువ, ఇంధనంలో సల్ఫర్ ఉంది, పక్కనే పెద్ద ఫ్యాన్ ఉండటంతో డక్ట్ అంతా అదురుతూనే ఉంటుంది. ఇప్పుడున్నది కె టైప్ థర్మోకపుల్, అంటే రెండు వేర్వేరు మిశ్రమ లోహాల తీగల్ని కొనలో కలిపి, వేడికి పుట్టే చిన్న వోల్టేజ్‌తో ఉష్ణోగ్రత కొలిచేది. సెరామిక్ పూసల్లోంచి తీసిన తీగలు, చివర మూసేసిన సన్నటి ఇంకోనెల్ 600 (నికెల్ ఎక్కువున్న మిశ్రమం) ట్యూబ్. తీగ తెగిపోతే కనీసం అలారం వస్తుంది. ఇది తెగదు, కొత్తలో సరిగ్గా ఉండి కొన్ని నెలలకు 20, 30 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, కంట్రోలర్ దాన్ని నమ్మి మంట ఇంకా పెంచుతుంది. అదే నాకు టెన్షన్. టీమ్‌లో కొందరు పీటీ 100 కి (ప్లాటినం తీగ రెసిస్టెన్స్‌ని బట్టి ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్) మారిపోదాం, అది ఇంకా ఖచ్చితం అంటున్నారు. మారితే సరిపోతుందా?

సెన్సార్_బెంచ్:
పీటీ 100 వద్దండీ. దాని పట్టిక 850 డిగ్రీల వరకు ఉంది కదా అని కుదురుతుందనిపిస్తుంది గానీ, మీ గ్యాస్ అక్కడే మొదలవుతోంది. 600 దాటాక చుట్టూ ఉన్న లోహాల నుంచి వచ్చే మలినాలు ప్లాటినంలోకి చేరి రెసిస్టెన్స్ మారిపోతుంది, పైగా ఆ సన్నటి తీగ అంత అదురుకి నిలవదు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది గ్రీన్ రాట్ (తీగలోని క్రోమియాన్ని తినేసే ఒక రకం తుప్పు) లాగే ఉంది. కె టైప్‌లో పాజిటివ్ తీగ క్రోమెల్, అంటే సుమారు 90 శాతం నికెల్, 10 శాతం క్రోమియం. గాలి ధారాళంగా తగిలితే దాని మీద ఆక్సైడ్ పొర గట్టిగా ఏర్పడి తీగను కాపాడుతుంది. ఆక్సిజన్ కొద్దిగానే ఉన్నచోట, సుమారు 800 నుంచి 1050 డిగ్రీల మధ్య, నికెల్ అలాగే ఉండి క్రోమియం ఒక్కటే ఆక్సైడ్‌గా మారిపోతుంది. క్రోమియం పోయిన తీగ తక్కువ వోల్టేజ్ ఇస్తుంది కాబట్టి రీడింగ్ పడిపోతుంది. లోపలి ఆక్సిజన్ చాలావరకు అయిపోయాక మూసేసిన సన్నటి ట్యూబ్‌లో సరిగ్గా ఆ పరిస్థితే ఏర్పడుతుంది.

పాత అసెంబ్లీ విప్పినప్పుడు పూసలు పక్కకి జరిపి క్రోమెల్ తీగను చూడండి, ఆకుపచ్చ పొలుసు కనిపిస్తుంది. చిన్న అయస్కాంతం కూడా దగ్గర పెట్టండి. మంచి జతలో నెగటివ్ తీగ అల్యూమెల్ మాత్రమే అంటుకుంటుంది. క్రోమెల్ కూడా అంటుకుంటే ఇక వేరే అనుమానం అక్కర్లేదు.

దీనికి రెండు దారులున్నాయి. ట్యూబ్ వ్యాసం పెంచి లోపల గాలి ఆడేలా చేయొచ్చు, కానీ అంత దుమ్ము, సల్ఫర్ ఉన్నచోట ఆ దారి నాకు నచ్చదు. నేనైతే ఎన్ టైప్‌కి (ఇంకో రకం నికెల్ మిశ్రమాల థర్మోకపుల్) వెళ్తాను, తీగల చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ గట్టిగా దట్టించి లోహపు తొడుగు వేసిన షీత్ కేబుల్‌తో. ఎన్ టైప్ తీగల్లో క్రోమియం, సిలికాన్ పాళ్లు ఈ సమస్య కోసమే సర్దారు, ఈ ఉష్ణోగ్రతల్లో కె కంటే చాలా నిలకడగా ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ కేబుల్, ట్రాన్స్‌మిటర్ సెట్టింగ్ కూడా ఎన్‌కి మార్చడం మర్చిపోవద్దు. ఇంకోటి, మెగ్నీషియం ఆక్సైడ్ గాలిలోని తేమను ఇట్టే పీల్చేస్తుంది. కేబుల్ కోసిన చివర్ని తెరిచి వదిలేయకుండా వెంటనే సీల్ చేయించండి, బిగించే ముందు మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూసుకోండి.

పొగగొట్టం:
ఎన్ టైప్ సంగతి సరే. బయటి ట్యూబ్ మాత్రం ఇంకోనెల్ 600 అలాగే ఉంచకండి. సల్ఫర్ ఉండి, ఆక్సిజన్ తక్కువైనప్పుడు నికెల్ ఎక్కువున్న మిశ్రమాలు నిలవవు. నికెల్, నికెల్ సల్ఫైడ్ కలిస్తే 640 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది, మీది 900. అందుకే ఇలాంటి చోట క్రోమియం సుమారు 25 శాతం ఉండే 446 స్టీల్ వాడతారు. దానికీ ఒక బలహీనత ఉంది, వేడిలో మెత్తబడుతుంది. వీలైతే పై నుంచి నిలువుగా వేలాడదీయండి, అడ్డంగా పెడితే తన బరువుకే వంగిపోతుంది.

కంపన_లెక్క:
ఫ్యాన్ అదురు గురించే అందరూ ఆలోచిస్తారు, గ్యాస్ ప్రవాహమే ట్యూబ్‌ని ఊపుతుందన్నది వదిలేస్తారు. గుండ్రటి ట్యూబ్ వెనక సుడులు ఒక పక్క తర్వాత ఒక పక్క విడిపోతూ ఉంటాయి. సెకనుకు ఎన్ని అన్నది సుమారుగా 0.22 ని వేగంతో గుణించి వ్యాసంతో భాగిస్తే వస్తుంది. మీ 20 మీటర్ల వేగానికి 25 ఎంఎం ట్యూబ్ అనుకుంటే 176 హెర్ట్జ్. ప్రవాహం దిశలో ఊపు దానికి రెట్టింపు, 352. ట్యూబ్ సహజ పౌనఃపున్యం (తట్టి వదిలితే అది తనంతట సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ అంకె) ఈ రెండింటికీ బాగా పైన ఉండాలి, అదీ వేడిలో లోహం బిగువు తగ్గాక ఎంతుంటుందో అది లెక్కలోకి తీసుకోవాలి, గది ఉష్ణోగ్రత దగ్గరిది కాదు.

జపాన్‌లో 1995 డిసెంబర్‌లో మోంజు అణు రియాక్టర్‌లో సోడియం లీకైంది ఇలాంటి థర్మోవెల్ (సెన్సార్‌ని కాపాడే బయటి గొట్టం) విరిగే. వ్యాసం ఒక్కసారిగా మారే మెట్టు దగ్గర, ప్రవాహం దిశలో వచ్చిన ఊపుకి అలసిపోయి తెగింది. థర్మోవెల్‌ల కోసం 2010లో వచ్చిన ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) పీటీసీ 19.3 టీడబ్ల్యూ ప్రమాణంలో ఈ దిశ లెక్క కూడా ఉంది, తప్పకుండా చేసి చూడండి. మెట్టు వద్దు, మొదట్లో లావుగా ఉండి చివరికి సన్నబడే ఆకారం తీసుకోండి. పొడవు పెరిగేకొద్దీ సహజ పౌనఃపున్యం వేగంగా పడిపోతుంది కాబట్టి అవసరానికి మించి లోపలికి దూర్చకండి.

కొలిమి_డిజైన్:
చాలా థ్యాంక్సండీ. రేపు షట్‌డౌన్‌లో పాతవి బయటికి వస్తాయి, అయస్కాంతం పరీక్ష చేస్తాను. పాతవాటిని ల్యాబ్‌కి పంపి కాలిబ్రేట్ చేయించి, ఆ తేడాని కరెక్షన్‌గా కలుపుకుంటే కొత్తవి వచ్చేదాకా నడిపేయొచ్చా?

సెన్సార్_బెంచ్:
వద్దు, ల్యాబ్ అంకె మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. వోల్టేజ్ కొనలో ఉన్న జంక్షన్‌లో పుడుతుందని చాలామంది అనుకుంటారు, నిజానికి అది తీగ పొడవునా ఉష్ణోగ్రత మారే భాగంలో పుడుతుంది. మీ డక్ట్‌లో ఆ భాగం గోడ దగ్గర ఉంటుంది, ల్యాబ్ ఫర్నేస్‌లో అదే తీగ మీద ఇంకోచోట పడుతుంది. పాడైన ముక్క అక్కడ సమాన వేడిలో ఉండిపోతే తేడా చాలావరకు కనిపించదు, కాలిబ్రేషన్ పాసైన అదే సెన్సార్ తిరిగి డక్ట్‌లో పెడితే మళ్లీ తక్కువ చూపిస్తుంది. లోతు మార్చి బిగించినా ఇదే గొడవ. అందుకే కొత్త డిజైన్‌లో పక్కనే ఇంకో సన్నటి గైడ్ ట్యూబ్ పెట్టండి, రిఫరెన్స్ థర్మోకపుల్‌ని అప్పుడప్పుడూ దాంట్లోకి దించి, నడుస్తున్నదాన్ని దాని చోట్లోనే పోల్చి చూడొచ్చు.