వెనక డిస్క్ బ్రేక్ పట్టేసి వదలట్లేదు, క్యాలిపర్ మొత్తం మార్చాలా?

ప్రశ్న:
రోజూ కాకినాడ నుంచి సామర్లకోటకు బండి మీదే డ్యూటీకి వెళ్తాను. 150 సీసీ బండి, ఏడేళ్ళు దాటింది. వారం నుంచి తోస్తుంటే బరువుగా ఉంటోంది. నిన్న ఇంటికొచ్చి వెనక డిస్క్ మీద నాలుగు చుక్కల నీళ్ళు వేస్తే సుయ్‌మని ఆవిరైపోయాయి. స్టాండ్ వేసి తిప్పితే చక్రం అర చుట్టు కూడా తిరగట్లేదు. రెండు నెలల క్రితమే కొత్త ప్యాడ్లు వేయించాను. ఇప్పుడు మెకానిక్ క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ను పట్టుకునే భాగం) మార్చాలంటున్నాడు. పాపను స్కూల్లో దింపేదీ ఈ బండి మీదే, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ముందు పెడల్ చూడండి. పైన కొంచెం ఆట ఉండాలి. కాలు పెట్టకుండానే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను క్యాలిపర్‌కు తోసే భాగం) రాడ్డు నొక్కుకుని ఉంటే ఆయిల్ వెనక్కి రాదు, బ్రేక్ వదలదు.

జవాబు 2:
క్యాలిపర్ కొనేయకండి. వేడి తగ్గాక, చక్రం ఇంకా పట్టే ఉంటే, క్యాలిపర్ మీదుండే బ్లీడర్ నిపుల్‌కు (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) సన్న పైపు తగిలించి, కొన సీసాలో పెట్టి కాస్త వదులు చేయండి. చక్రం వెంటనే వదిలిందా, ఒత్తిడి పైన చిక్కుకుంది. పై ఆయన చెప్పిందే చూడాలి. వదల్లేదా, తప్పు పిస్టన్‌లోనో (ప్యాడ్‌ను డిస్క్‌కు నొక్కే భాగం) స్లైడ్ పిన్నుల్లోనో (క్యాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నులు) ఉంది.

మీరు ప్యాడ్ల సంగతి చెప్పగానే నాకు అనుమానం వచ్చింది. పాత ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆ భాగానికి బురద పడుతుంది. తుడవకుండా లోపలికి నెట్టేస్తే అదంతా సీలు (పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు) దగ్గరికే చేరుతుంది. నా పాత బండికి అచ్చం ఇలాగే అయింది.

పిస్టన్‌ను వెనక్కి లాగడానికి స్ప్రింగ్ ఏమీ ఉండదండీ. బ్రేక్ వేస్తే సీలు కొద్దిగా వంగి, వదలగానే తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి తెస్తుంది. అంతే. సీలు కూర్చునే గాడిలో తెల్లటి పొడి పేరుకుంటే పిస్టన్ బిగుసుకుపోతుంది. చాలామంది పిస్టన్ తుడిచి గాడిని వదిలేస్తారు, మళ్ళీ అదే గొడవ. చెక్కపుల్లతో గీకండి, స్క్రూడ్రైవర్ వద్దు. పిస్టన్ మీద గుంటలు పడితే మాత్రం మార్చాల్సిందే. పెట్రోలు, మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తాయి. పిన్నులకు సిలికాన్ గ్రీజు, కొత్త సీలుకు బ్రేక్ ఆయిల్ రాస్తే చాలు.

ప్రశ్న అడిగిన నేనే:
ఆదివారం విప్పాం. నిపుల్ వదులు చేసినా చక్రం వదల్లేదు. ఒక పిన్ను చేత్తోనే వచ్చింది, రెండోది స్పానర్‌తో తిప్పితిప్పి లాగాల్సి వచ్చింది. దాని రబ్బరు బూటు చిరిగిపోయి ఉంది. గాడిలో మీరన్న తెల్లపొడి నిండా ఉంది. పిస్టన్ నున్నగానే ఉంది, అదే వేశాం. సీళ్ళు, బూట్లు, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తవి. సామర్లకోట వెళ్ళొచ్చాక డిస్క్ గోరువెచ్చగా ఉంది, అంతే! పెడల్ మాత్రం కాస్త మెత్తగా దిగుతోంది.

జవాబు 2:
చాలా సంతోషం. మెత్తగా ఉందంటే లోపల గాలి ఉంది. మళ్ళీ బ్లీడ్ చేయండి (నిపుల్ ద్వారా గాలి బయటికి తీయండి), ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గనివ్వకండి. పెడల్ గట్టిపడేదాకా పాపను ఎక్కించుకోవద్దు.