ఈ వారం సమస్య: "పగలు ముగియదు రేయియుఁ బాఱిపోదు" (తేటగీతి; ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి)

నిర్వాహకులు, విజయనగరం: పగలు ముగియకపోతే ఇక రాత్రి ఎక్కడిది? పదాల విరుపుతోనో ప్రశ్నార్థకంతోనో దాటెయ్యొద్దని మనవి. దీనికి జవాబు ఆకాశంలోనే ఉంది. 4.24 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ప్రాక్సిమా సెంటారీ అనే ఎర్ర మరుగుజ్జు (సూర్యుడికన్నా చిన్న, చల్లని) తార చుట్టూ ఒక గ్రహం తిరుగుతోందని 2016లో ప్రకటించారు. గ్రహం లాగుతుంటే తార సెకనుకు సుమారు 1.4 మీటర్ల వేగంతో, అంటే మనిషి నడకంత, అటూ ఇటూ ఊగుతోంది. ఆ ఊగును చిలీలోని లా సియా వేధశాల పరికరం పట్టింది.

రాజాం మాస్టారు:

ఎఱ్ఱ తార చుట్టుఁ దిరుగు నెన్నఁడైన
మొగముఁ దిప్పని గోళమ్ము, ముందువైపు
వెలుఁగు నిలుచును సతతమ్ము, వెనుక నిరులు;
పగలు ముగియదు రేయియుఁ బాఱిపోదు.

నిర్వాహకులు: ధార హాయిగా ఉంది మాస్టారూ. మొదటి పాదంలో స్వరయతి, అంటే పాదం మొదటి అచ్చుకు నడిమి యతి చోట అచ్చు కలవడం, ఎంత సహజంగా పడిందో! ఒక్క మాట. గ్రహం తారకు 73 లక్షల కిలోమీటర్ల దూరంలోనే ఉంది. మనకూ సూర్యుడికీ మధ్య 15 కోట్లు. అంత చేరువలో ఉన్నది ఒకే ముఖం చూపుతూ ఉండిపోతుందని లెక్కలు చెబుతున్నాయి, ఇంకా ఎవరూ చూసి తేల్చలేదు. బుధుడిలా రెండు చుట్లకు మూడు ఆత్మభ్రమణాలు చేసే వీలూ ఉంది. ఎక్కడో ఒక "అట" పడితే నిండుగా ఉండేది.

నరసన్నపేట (ఇంటర్ విద్యార్థి):

పదునొకండు దినమ్ములఁ బూర్తి యేడు
గడచిపోయిన, సూర్యుండు కదలఁడంట;
ప్రాక్సిమా యను చిన్నారి భాస్కరు కడ
పగలు ముగియదు రేయియుఁ బాఱిపోదు.

బొబ్బిలి అక్క: తమ్ముడూ, మాస్టారు వదిలేసిన "అంట" నువ్వు పట్టావు! 11.2 రోజుల ఏడాదినీ పద్యంలోకి తెచ్చావు. మొదటి పాదంలో మాత్రం "ప"కు "బూ" యతి చెల్లదు, అచ్చు కలవాలి కదా. "పదునొకండు దినమ్ముల వత్సరమ్ము" అను, సరిపోతుంది. ఇక నాది:

అరసవల్లిలో నినుపద మంటు నెండ
ఏట రెండుమార్లే వచ్చి యేగుచుండు;
కదల దా గోళమున వెల్గు; కనుల ముందె
పగలు ముగియదు రేయియుఁ బాఱిపోదు.

రాజాం మాస్టారు: అమ్మా, మార్చిలో, అక్టోబరులో అరసవల్లి సూర్యనారాయణ స్వామి పాదాల మీద పడే కిరణాన్ని ఆ కదలని వెలుగు పక్కన పెట్టావే, అది కవిత్వం. కానీ "కనుల ముందె" దగ్గర ఆగాను. ఆ గ్రహం మీద ఒకచోట నిలబడితే పగలైనా ఉంటుంది, రాత్రైనా ఉంటుంది. రెండూ కనబడేది వాటి సరిహద్దు గీత మీదే. "గడప నిలువ" అంటే? క, గ లకు యతి మైత్రి ఉంది, అర్థమూ బిగుస్తుంది.

బొబ్బిలి అక్క: మార్చేశాను మాస్టారూ. సమస్యకు నిజమైన చోటు ఆ గడపే.

నరసన్నపేట: ఆ తార ఇక్కడి నుంచి కనిపిస్తుందా అండీ?

నిర్వాహకులు: ప్రాక్సిమా కంటికి ఆనదు నాయనా, టెలిస్కోపు కావాలి. దాని పెద్దన్న ఆల్ఫా సెంటారీ అయితే మే నెలాఖరున రాత్రి పదిన్నర ప్రాంతంలో కళింగపట్నం తీరాన దక్షిణంగా, సముద్రానికి కాస్త పైన కనిపిస్తుంది. ఇంకో మాట: ప్రాక్సిమా ఉన్నట్టుండి భగ్గుమనే తార, ఆ జ్వాలలకు గ్రహం మీది గాలి మిగిలిందా అన్నదే పెద్ద ప్రశ్న. మూడు పూరణల్లోనూ ఆ మంట రాలేదు. ఆదివారం దాకా గడువుంది, ఎవరైనా తెండి.